కలరా విషం గుట్టు విప్పిన కుందేలు పేగు

తెల్లవారుజామున పొలానికి వెళ్లిన మనిషి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి పడుకుంటాడు. మొదట ఒకటి రెండు విరేచనాలు. ఆ తరువాత ఇంట్లోవాళ్లు లెక్కపెట్టడం మానేస్తారు. రంగూ వాసనా పోయి, బియ్యం కడిగిన నీళ్ల వంటి ద్రవం ధారగా పోతుంది. వాంతులు పట్టుకుంటాయి. పిక్కలు మెలిపడతాయి. కళ్లు గుంటలు పడతాయి, గొంతు పీలబోతుంది, ముంజేతి చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోతుంది. చీకటి పడేసరికి మణికట్టు వద్ద నాడి అందదు. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు వరకు నీరు శరీరాన్ని విడిచిపోగలదు. చికిత్స లేకపోతే అటువంటి రోగులలో సగం మంది దాకా మరణిస్తారు. తెలంగాణ పల్లెలలో ఈ వ్యాధికి గత్తర అని పేరు. గత్తర వచ్చిందంటే ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యేవి.

ఇంత ఘోరానికి కారణమైన సూక్ష్మజీవి మాత్రం రక్తంలోకి పోదు. పేగు గోడను తొలుచుకుని లోపలికి చొరబడదు. పేగు పైపొరను అంటిపెట్టుకుని కూర్చుంటుంది, అంతే. ఆ పొరలోని జీవకణాలను చంపను కూడా చంపదు. మరి మనిషి ఎందుకు చనిపోతున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి, వ్యాధికారకాన్ని పట్టుకున్న తరువాత కూడా, 75 ఏళ్లు పట్టింది. జవాబు దొరికినది బెర్లిన్‌లోనో లండన్‌లోనో కాదు. కలకత్తాలో, ఒక వైద్య కళాశాలలో, కొన్ని కుందేళ్లు, కొంత పట్టుదారం, ఒక వడపోత సాధనం తప్ప చెప్పుకోదగిన పరికరాలు లేని ఒక అధ్యాపకుని గదిలో.

జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాఖ్ 1883లో కలరాను వెదుక్కుంటూ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు వెళ్లాడు. అక్కడ వ్యాధి తగ్గుముఖం పట్టడంతో, అది ఎన్నడూ ఆరని చోటికే పోదామని ఓడ ఎక్కి కలకత్తా చేరాడు. కామా గుర్తులా వంకర తిరిగిన సూక్ష్మజీవిని 1884 ఆరంభంలో ఆయన అక్కడే విడదీసి పెంచగలిగాడు. (దానిని సూక్ష్మదర్శినిలో అందరికంటే ముందు చూసి వర్ణించినవాడు ఇటలీకి చెందిన ఫిలిప్పో పచీని; అది 1854 నాటి మాట. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.) ఈ జీవి ఏదో ఒక విషద్రవ్యాన్ని విడుదల చేస్తూ ఉండాలని కాఖ్ ఆనాడే ఊహించాడు. ఊహ సరైనదే. కాని రుజువు చేయడం ఎలా? ఎలుకలకు ఆ క్రిమిని పెట్టి చూస్తే వాటికి కలరా రాలేదు. పెరిగిన జంతువులు వేటికీ కలరా సహజంగా సోకదు. జంతువులో రాని వ్యాధిని పరిశోధనశాలలో పరీక్షించడం సాధ్యం కాదు.

కాఖ్ శిష్యుడు రిచర్డ్ ఫైఫర్ 1892లో కలరా క్రిమి శరీరంలోనే ఒక విషపదార్థం ఉన్నట్టు కనిపెట్టాడు. క్రిమి చచ్చి శిథిలమైనప్పుడు బయటపడే విషం అది. శాస్త్రలోకం ఆ వైపు మళ్లింది. చచ్చిన క్రిముల సారాన్ని జంతువుల రక్తంలోకి, ఉదరకుహరంలోకి ఎక్కించడం, అవి చనిపోతే లెక్కలు రాసుకోవడం దశాబ్దాల తరబడి సాగింది. జంతువులు చనిపోయేవి గాని, ఒక్కదానికీ కలరా విరేచనం పట్టేది కాదు.

దీనికి తోడు మరొక అపోహ స్థిరపడింది. కలరాతో మరణించినవారి పేగులను కోసి చూసిన వైద్యులకు పేగు లోపలి పొర ఊడి వచ్చి కనిపించేది. వ్యాధి పేగు పొరను ఒలిచివేస్తుందని, పచ్చిపుండైన గోడ గుండా శరీరంలోని నీరంతా కారిపోతుందని వారు భావించారు. మరణానంతరం పేగు పొర తనంతట తానే త్వరగా చెడి ఊడిపోతుందన్న సంగతిని తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు. ఇది పుస్తకాలలో మిగిలిపోయిన పొరపాటు మాత్రమే అయితే ఇంతగా చెప్పుకోనక్కరలేదు. పేగు పొరే లేనప్పుడు నోటి ద్వారా ఇచ్చిన నీరు ఒంటబట్టదు గదా అన్న నమ్మకం దీని నుంచే బలపడింది. రోగి దాహమో అని అల్లాడుతున్నా, పేగుకు విశ్రాంతి కావాలని నీరు ఇవ్వనివారు ఎందరో. మన ఇళ్లలో కూడా విరేచనాలు పట్టిన పిల్లలకు నీళ్లు తాగించవద్దనే పెద్దలు మొన్నమొన్నటి దాకా ఉన్నారు.

శంభునాథ్ డే 1915లో హుగ్లీ జిల్లాలోని గరీబాటీ అనే గ్రామంలో పుట్టాడు. కలకత్తా మెడికల్ కాలేజీలో వైద్యం చదివి, అక్కడే రోగనిర్మాణ శాస్త్ర శాఖలో చేరాడు. 1947లో లండన్ వెళ్లి, సర్ రాయ్ కామెరాన్ వద్ద పరిశోధన చేసి, 1949లో డాక్టరేటుతో తిరిగి వచ్చాడు. ఆయన వచ్చిన కలకత్తాలో కలరా వార్డులు ఏటా నిండుతూనే ఉన్నాయి. వ్యాధి అంతా పేగులో జరుగుతూ ఉంటే రక్తంలోకి మందు ఎక్కించి ఏమి తెలుసుకోగలం? ఇంత తేలిక ప్రశ్నను అంతకు ముందు అంత గట్టిగా పట్టుకున్నవారు లేరు. గొప్ప ప్రశ్నలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఎవరైనా అడిగిన తరువాత అందరికీ తోచినట్టే ఉంటాయి.

డే చేసిన ఏర్పాటు ఇది. మత్తు ఇచ్చిన కుందేలు పొట్టను కోసి, చిన్నపేగులో కొద్దిపాటి భాగాన్ని రెండు చివరలా పట్టుదారంతో బిగించి ముడివేసేవాడు. అది మూత బిగిసిన చిన్న తిత్తి అవుతుంది. దానికి రక్తప్రసరణ మామూలుగానే ఉంటుంది. ఆ తిత్తిలోకి కలరా క్రిములు గల ద్రవాన్ని సూదితో ఎక్కించి, పొట్ట కుట్టివేసేవాడు. మరునాడు తెరిచి చూస్తే ఆ పేగు ముక్క ఉబ్బి, బియ్యం కడిగిన నీళ్ల వంటి ద్రవంతో నిండి ఉండేది. పక్కనే ఉత్త ద్రవం ఎక్కించిన ముక్క మాత్రం ముడుచుకునే ఉండేది. కుందేలుకు కలరా రాదు. కాని కుందేలు పేగు ముక్కకు వచ్చింది! డే, ఆయన సహచరుడు డి.ఎన్. చటర్జీ ఈ ఫలితాన్ని 1953లో ప్రకటించారు. మూడేళ్ల తరువాత మామూలు పేగు క్రిమి ఇ. కోలైలో కొన్ని రకాలు కూడా ఇలాగే నీరూరిస్తాయని డే చూపాడు. పసిపిల్లల విరేచనాలకు ఆ రకాలు ఎంతటి కారణమో ప్రపంచానికి ఆ తరువాత గాని తెలిసిరాలేదు.

ఇక అసలు పరీక్ష మిగిలింది. నీరూరించేది క్రిమియా, క్రిమి వదిలిన పదార్థమా? డే కలరా క్రిములను పోషకద్రవంలో పెంచి, ఆ ద్రవాన్ని క్రిములు దూరలేనంత సన్నని వడపోత గుండా పంపాడు. కిందికి దిగిన తేటలో ఒక్క క్రిమి కూడా లేదని నిర్ధారించుకుని, ఆ తేటను పేగు తిత్తిలోకి ఎక్కించాడు. తిత్తి ఎప్పటిలాగే నీటితో ఉబ్బింది. క్రిమి అక్కడ లేదు. దాని విషం ఉంది. ఆ విషం క్రిమి చచ్చాక బయటపడేది కాదు, అది బతికి ఉండగా వెలికి వదిలేది. 1959లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఆ వ్యాసం చాలా చిన్నది. అదే ఏడు బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్.కె. దత్తా బృందం, పసి కుందేళ్లపై వేరొక పద్ధతిలో పని చేసి, కలరా విషం ఉనికిని చూపింది. మరుసటి ఏడు అమెరికన్ సైనిక వైద్యులు బ్యాంకాక్‌లో బతికి ఉన్న కలరా రోగుల పేగుల నుంచి చిన్న తునకలు తీసి పరిశీలించిన ఫలితాలు వెలువడ్డాయి. పేగు పొర చెక్కుచెదరలేదు. ఊడిపోయిన పొర అన్న పాత సిద్ధాంతం అక్కడితో ముగిసింది.

విషం ఉన్నదని తేలింది గాని, అది చేసే పని అర్థం కావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టైన్, లోస్పలూటో దానిని శుద్ధరూపంలో వేరు చేశారు. అది ఆరు ముక్కల ప్రోటీన్. అయిదు ముక్కలు ఒకే రకంవి. అవి గాజులా గుండ్రంగా అమరి ఉంటాయి. ఆరవది వాటి మీద కూర్చుని ఉంటుంది. గాజు తాళంచెవి వంటిది, ఆరవ ముక్క దొంగ వంటిది. మన పేగు కణాల పైభాగాన జీఎం-1 అనే, కొవ్వు, చక్కెర కలిసిన అణువులు ఉంటాయి. అవి కణం తన అవసరాల కోసం పెట్టుకున్నవి. గాజు వచ్చి సరిగ్గా వాటిని పట్టుకుంటుంది. తన ఉపరితలానికి అంటుకున్నదానిని కణం మామూలుగా లోపలికి మింగుతుంది. విషం అలా ఇంట్లోకి వస్తుంది.

తరువాతి భాగం మరీ విచిత్రమైనది. కణంలో ప్రోటీన్లను తయారుచేసి బయటికి పంపే ఒక మార్గం ఉంటుంది. విషం ఆ మార్గంలో ఎదురు నడుస్తుంది. సరుకు బయటికి పోయే దారిలో వెనక్కి నడిచి కర్మాగారం నడిమధ్యకు చేరుతుంది. అక్కడ ఆరవ ముక్కలోని చురుకైన భాగం విడివడి, సరిగా తయారుకాని ప్రోటీన్‌లా వేషం వేస్తుంది. చెడిన ప్రోటీన్లను ఏరి బయటికి గెంటడం ఆ కర్మాగారపు కాపలాదారుల పని. వారు దీనినీ గెంటుతారు. గెంటిన చోటు కణంలోని అసలు ద్రవభాగం. దొంగ చేరదలచిన గదిలోకి కాపలావాడే తోసినట్టయింది.

ఆ గదిలో ఒక స్విచ్చి ఉంది. శాస్త్రజ్ఞులు దానిని జీ-ప్రోటీన్ అంటారు. బయటి నుంచి హార్మోన్ల వంటి సందేశం వస్తే ఆ స్విచ్చి పడుతుంది. పని కాగానే తనంతట తానే ఆరిపోతుంది. పడినప్పుడు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న వార్తాహరుడు తయారవుతాడు. వాడు వెళ్లి కణం అంచున ఉన్న క్లోరైడు ద్వారాలను తెరిపిస్తాడు. ఉప్పులోని క్లోరైడు పేగులోకి పోతుంది, దాని వెంట సోడియం, ఆ రెండింటి వెంట నీరు. తిన్న ఆహారం పేగులో జారడానికి ఈ మాత్రం తడి రోజూ అవసరమే. కలరా విషం చేసేదల్లా ఆ స్విచ్చికి ఒక చిన్న రసాయన తునకను అంటించడం. ఆ తునకను కూడా తన వెంట తెచ్చుకోదు. కణంలోనే ఉన్న ఎన్ఏడీ అనే పదార్థం నుంచి విరిచి తీసుకుంటుంది. తునక అంటిన తరువాత స్విచ్చి ఆరదు. కుళాయి తిప్పి, మళ్లీ కట్టే వీలులేకుండా మర విరగ్గొట్టినట్టు అవుతుంది. 1970ల చివరికి ఈ రసాయన చర్య బయటపడింది. స్విచ్చిని అధ్యయనం చేయడానికి తరువాతి పరిశోధకులు కలరా విషాన్నే సాధనంగా వాడుకున్నారు. జీ-ప్రోటీన్లను కనుగొన్నందుకు ఆల్‌ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమానం లభించింది.

క్రిమికి ఇందులో లాభం ఏమిటి? రోగి విరేచనంలో ఒక్కొక్క మిల్లీలీటరుకు కోట్ల సంఖ్యలో క్రిములుంటాయి. అవి చెరువుకో కాలువకో చేరితే మరో పేగు దొరుకుతుంది. మనిషిని చంపాలన్న ఉద్దేశం దానికి లేదు. ప్రయాణానికి నీళ్లు కావాలి, అంతే. ఇంకొక వింత 1996లో తెలిసింది. విషాన్ని తయారుచేసే జన్యువు అసలు ఆ క్రిమి సొంత ఆస్తి కానే కాదు. క్రిములకు సోకే ఒక వైరస్ దానిని మోసుకువచ్చి క్రిమిలో జొనిపిందని మాథ్యూ వాల్డార్, జాన్ మెకలానోస్ చూపారు. ఆ వైరస్ సోకని కలరా జాతి క్రిములు సముద్రపు కయ్యలలో, నదీముఖాలలో ఎన్నో ఉన్నాయి. అవి కలరాను కలిగించవు.

అన్ని క్రిమివిషాలూ ఇంత మెత్తగా పని చేయవు. డిఫ్తీరియా విషం కూడా ఎన్ఏడీ నుంచి ఇదే తునకను విరుస్తుంది; కాని దానిని కణంలో ప్రోటీన్లు తయారయ్యే యంత్రానికి అంటిస్తుంది. యంత్రం ఆగి కణం చచ్చిపోతుంది. ఆ విషంలో ఒక్క అణువు లోపలికి చేరినా ఒక కణాన్ని చంపగలదు. ధనుర్వాతపు విషం నాడీకణంలో సందేశాలు మోసే తిత్తులను విడుదల చేసే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. సెగ్గడ్డల క్రిమి స్టెఫిలోకాకస్ వదిలే విషం ఏడు ముక్కలుగా చేరి కణం గోడకు సూటిగా రంధ్రం చేస్తుంది. వీటి ముందు కలరా విషం గాయమే చేయలేదనాలి. పేగు పైపొరలోని కణాలు నాలుగైదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి రావడం ప్రకృతి నియమం. విషం తగిలిన కణాలు ఎలాగూ రాలిపోతాయి, కొత్త కణాల స్విచ్చి సరిగానే ఉంటుంది. ఆ నాలుగైదు రోజులు మనిషిని బతికించగలిగితే వ్యాధి తనంతట తానే పోతుంది.

బతికించడానికి కావలసినది పోయిన నీరు, పోయిన ఉప్పు. 1832లోనే స్కాట్లాండ్ వైద్యుడు థామస్ లాట్టా కలరా రోగి రక్తనాళంలోకి ఉప్పునీరు ఎక్కించి చూశాడు. సెలైన్ చికిత్స క్రమంగా స్థిరపడింది. కాని దానికి శుద్ధమైన సీసాలు, సూదులు, తెలిసిన చేతులు కావాలి. కలరా వచ్చే చోట్ల ఆ మూడూ ఉండవు. నోటి ద్వారా నీరు ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నకు చెక్కుచెదరని పేగు పొర అవునని జవాబు చెప్పింది. 1960లో అమెరికన్ జీవరసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రేన్, పేగు కణంలోకి గ్లూకోజు సోడియంతో జతగూడి వెళుతుందని ప్రతిపాదించాడు. సోడియం లోపలికి పోతే నీరూ పోతుంది. కలరా విషం ఉప్పును వట్టిగా పీల్చే దారిని మూయిస్తుంది గాని, గ్లూకోజుతో కలిసి వెళ్లే ఈ పక్కదారిని ముట్టుకోదు. అంటే కుళాయి ఒకటి వృథాగా కారుతూ ఉన్నా, నీరు నింపే తూము ఒకటి తెరిచే ఉన్నదన్నమాట. ఉప్పునీటిలో కాస్త గ్లూకోజు కలిపితే చాలు. కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ ఇటువంటి ద్రవాన్ని రోగులకు తాగించి 1953లోనే ‘లాన్సెట్’లో వ్యాసం రాశాడు. కారణం అప్పటికి తెలియదు గనుక ఆయన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1960లలో ఢాకాలోను, కలకత్తాలోను జరిగిన జాగ్రత్తైన పరీక్షలు ఆ ద్రవం పని చేస్తుందని రుజువు చేశాయి.

అయినా పెద్ద వైద్యులకు సందేహం తీరలేదు. ఆసుపత్రిలో, నర్సుల కంటి ఎదుట ఫలించినది ఊళ్లో ఫలిస్తుందా? 1971లో ఆ సందేహం తీరే సందర్భం, ఎవరూ కోరుకోని రూపంలో వచ్చింది. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం వల్ల లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చిపడ్డారు. వర్షాకాలంలో శిబిరాలలో కలరా చెలరేగింది. బన్‌గావ్ ఆసుపత్రికి పంపబడిన డాక్టర్ దిలీప్ మహాలనబిస్‌కు రోగులు నేల మీద, వారి వాంతులలోనే పడి ఉండడం కనిపించింది. సెలైన్ సీసాలు అడుగంటుతున్నాయి. ఆయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. గ్లూకోజు, మామూలు ఉప్పు, వంట సోడా లెక్క ప్రకారం తూచి కలకత్తాలో పొట్లాలు కట్టించాడు. బన్‌గావ్‌లో వాటిని పీపాలలో నీటితో కలిపించాడు. పీపాకు కుళాయి పెట్టి, తల్లులను, అన్నదమ్ములను, చుట్టాలను గ్లాసులు పట్టుకు రమ్మన్నాడు. దాహం తీరే దాకా తాగించండి, అంతే వైద్యం. శిక్షణ లేని చేతులతో చికిత్స చేయించడం ఆనాటి వైద్య నియమాలకు విరుద్ధమే. సెలైన్ మీదనే ఆధారపడి, అది చాలని శిబిరాలలో నూటికి ముప్ఫై మంది వరకు చనిపోతుండగా, ఆయన చేతి కిందికి వచ్చిన సుమారు 3,700 మంది రోగులలో మరణాలు నూటికి నాలుగు లోపే ఆగాయి.

నేడు మందుల దుకాణాలలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ పీపాకు వారసురాలు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన కొలత ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు. ఇది విరేచనాన్ని ఆపదు. ఆపుతుందని అనుకుని మధ్యలో మానివేసేవారు ఉన్నారు గనుక ఈ మాట చెప్పవలసి వస్తున్నది. పోయినదానిని తిరిగి నింపడమే దాని పని. కలరా మాత్రం పోలేదు. 2015లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ఏటా సుమారు 29 లక్షల మందికి ఆ వ్యాధి సోకుతుంది, 95 వేల మంది మరణిస్తారు. ఆ మరణాలలో అధికభాగం, ఆ పొట్లంగాని, దానిని కలిపే మంచినీరుగాని వేళకు అందనివారివి.

శంభునాథ్ డే సంగతి ఏమైంది? 1959 నాటి వ్యాసాన్ని విదేశాలలో వందల సంఖ్యలో పరిశోధకులు ఉదహరించారు. ఆయన కుందేలు పేగు తిత్తి ప్రపంచమంతటా పరిశోధనశాలలలో నిత్యపద్ధతి అయింది. విషాన్ని శుద్ధి చేయడానికి కావలసిన పరికరాలు ఆయన వద్ద లేవు. ఆ పనిని ఇతరులు పూర్తిచేశారు. 1973లో కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి పదవీ విరమణ చేశాడు. భారతదేశంలోని విజ్ఞాన పరిషత్తులేవీ ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ మాత్రం ఆయన పేరును నోబెల్ బహుమానానికి ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రతిపాదించాడు. కలరాపై స్టాక్‌హోమ్‌లో 1978లో జరిగిన నోబెల్ సదస్సుకు ఆహ్వానం వచ్చినప్పుడు డే వెళ్లి, తన పేగు తిత్తి నుంచి పుట్టిన శాస్త్రాన్ని ఇతరులు వివరిస్తుండగా విన్నాడు. 1985 ఏప్రిల్‌లో ఆయన మరణించాడు. బెంగుళూరు నుంచి వెలువడే ‘కరెంట్ సైన్స్’ పత్రిక 1990లో ఆయన కృషిపై ఒక ప్రత్యేక సంచిక ప్రచురించింది. ఈ దేశంలో చాలామంది శాస్త్రజ్ఞులు ఆయన పేరు మొదటిసారి చదివినది అందులోనే.